ట్రియెస్టేకి టికెట్ కొనే ముందు

ట్రియెస్టేలో ఏదైనా కాఫీ బార్‌లోకి వెళ్లి కపుచినో అడగండి. ఇటలీ మిగతా ఊళ్లలో ఇచ్చే వెడల్పాటి కప్పు రాదు. చిన్న కప్పులో, పైన కాస్త నురగతో, రెండు గుక్కల్లో అయిపోయే కాఫీ వస్తుంది. ఇచ్చినవాడు పొరపాటు పడలేదు. ఆ ఊళ్లో కాఫీకి సొంత నిఘంటువు ఉంది. మామూలు ఎస్ప్రెస్సో పేరు అక్కడ ‘నేరో’, అంటే నలుపు. దాని మీద చెంచాడు పాల నురగ పడితే ‘కాపో’. అదే కాపో చిన్న గాజు గ్లాసులో కావాలంటే ‘కాపో ఇన్ బి’ అనాలి. ‘బి’ అంటే బిక్కియేరే, గ్లాసు. మీరు మనసులో అనుకున్న పెద్ద కప్పు కావాలంటే ‘కఫెలాత్తె’ అని అడగాలి. మన హోటల్లో ‘వన్ బై టూ’ అన్న కేక కొత్తవాడికి అర్థం కానట్టే, ఇదీ ఊరివాళ్ల మాట.

ఇటలీలో కాఫీ తాగని ఊరు లేదు. మరి ఈ ఒక్క ఊరికే ఇంత ప్రత్యేకమైన కాఫీ భాష ఎందుకు వచ్చింది? పేరు అంతగా వినని ఊరికి రెండుమూడు రోజులు వెళ్లాలనుకున్నప్పుడు ఇలాంటి ఒక ప్రశ్న పట్టుకుని మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. రోమ్‌కి వెళ్లేవాళ్లకు ఈ అవసరం లేదు. కొలోసియం, వాటికన్, ట్రెవీ అని జాబితా ముందే సిద్ధంగా ఉంటుంది. ట్రియెస్టేలో ఆ జాబితా రాసుకుంటే ఒక కోట, ఒక గుహ, ఒక చర్చి తేలతాయి. ఇంత దూరం ఇందుకా అనిపిస్తుంది కూడా. ఈ ఊరు ఇక్కడ ఎందుకు పుట్టింది, దేని మీద బతికింది అని అడిగితే మాత్రం ఎక్కడ నడవాలో, ఎన్ని రోజులు ఉండాలో, ఏది వదిలేయాలో ఒక్కొక్కటే తేలిపోతుంది.

ఈ ఊరి గురించి అడిగే మనవాళ్లు సాధారణంగా రెండు రకాలు. మ్యూనిక్‌లోనో డబ్లిన్‌లోనో ఉద్యోగం చేస్తూ, లాంగ్ వీకెండ్ వస్తే ఎటు వెళ్దామా అని చూసేవాళ్లు ఒకరు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో పదిరోజుల ఇటలీ ప్రయాణం పెట్టుకుని, అందులో జనం తక్కువ ఉన్న చోటు ఒకటి కలుపుకోవాలనుకునేవాళ్లు ఇంకొకరు. ఇద్దరూ చేసే పొరపాటు ఒకటే. వెనిస్‌లో దిగి, ‘రెండు గంటలే కదా’ అని పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చేస్తారు. అలా వెళ్తే ఒక పెద్ద చౌరస్తా, ఫోన్లో నలభై ఫోటోలు మిగులుతాయి. వెనిస్‌లో పగటిపూట వచ్చిపోయే జనం పెరిగిపోయి, 2024 నుంచి కొన్ని రోజుల్లో వాళ్ల దగ్గర ప్రవేశ రుసుము కూడా వసూలు చేస్తున్నారు. ట్రియెస్టేకి ఆ బాధ ఇంకా రాలేదు. రెండు లక్షల జనాభా ఉన్న ఊరు తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. దాన్ని చూడాలంటే పొద్దునా రాత్రీ కూడా అక్కడ ఉండాలి.

ఇక ఆ ప్రశ్న సంగతి. ట్రియెస్టే ఏడ్రియాటిక్ సముద్రం చిట్టచివరి మూల, స్లొవేనియా సరిహద్దును ఆనుకుని ఉంది. రోమన్ల కాలంలో దీని పేరు తెర్గెస్తె. పక్కనున్న వెనిస్ పెత్తనం భరించలేక 1382లో ఆస్ట్రియా హాబ్స్‌బర్గ్ ప్రభువుల అండ కోరింది. ఆ అండ ఐదు వందల ఏళ్లకు పైగా నిలిచింది. ఆస్ట్రియాది పెద్ద సామ్రాజ్యమే కానీ సముద్రం తక్కువ. అందుకని చక్రవర్తి ఆరో ఛార్లెస్ 1719లో ఈ ఊరిని సుంకాల బెడద లేని రేవుగా ప్రకటించాడు. గ్రీకులు, సెర్బులు, యూదులు, ఆర్మేనియన్లు, జర్మన్లు దుకాణం సర్దుకుని వచ్చేశారు. ఛార్లెస్ కూతురు మరియా థెరీసా కాలంలో ఊరి పక్కనున్న ఉప్పు మడులను పూడ్చి, గళ్ల నుడికట్టులా నిలువు వీధులూ అడ్డ వీధులూ వేశారు. పడవలు గోదాముల గుమ్మం దాకా రావడానికి మధ్యలో ఒక కాలువ ఉంచారు. వియన్నా నుంచి రైలు 1857లో వచ్చింది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక ఆస్ట్రియన్ లాయిడ్ కంపెనీ ఓడలు ఇక్కడి నుంచి బొంబాయికి తిరిగాయి. మన దగ్గర బీమా బోర్డుల మీద కనిపించే జనరాలీ అన్న పేరు కూడా 1831లో ఇక్కడే పుట్టింది. వియన్నా కాఫీ హోటళ్లకు గింజలు దిగిన రేవు ఇదే. ఇల్లీ కాఫీ కంపెనీ 1933లో మొదలైంది ఇక్కడే. ఇప్పటికీ భారతదేశపు కాఫీ అత్యధికంగా కొనే దేశం ఇటలీయే. కాబట్టి ఆ చిన్న కప్పులో చిక్‌మగళూరు గింజ ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు.

మొదటి ప్రపంచ యుద్ధంతో సామ్రాజ్యం కూలింది. ఊరు ఇటలీకి దక్కింది. కానీ వియన్నాకు రేవుగా కట్టిన ఊరికి వియన్నా లేకపోతే ఏం పని? ఇటలీకి జెనోవా, నేపుల్స్ లాంటి రేవులు ముందే ఉన్నాయి. 1910లో ఇక్కడ పుట్టిన మనిషి ఇల్లు కదలకుండానే ఆస్ట్రియా పాలన, ఇటలీ పాలన, జర్మన్ సైన్యం, నలభై రోజుల యుగోస్లావ్ సైన్యం, ఆ తర్వాత 1954 దాకా బ్రిటిష్, అమెరికన్ల ఏలుబడి చూశాడు. ఆ ఏడాది అక్టోబరులో ఊరు మళ్లీ ఇటలీలో కలిసింది. ఇవన్నీ తెలిశాక, రెండు లక్షల మంది ఉన్న ఊళ్లో రాజధానికి సరిపోయే భవనాలు ఎందుకున్నాయో వేరే చెప్పక్కర్లేదు. చొక్కా పెద్దది, మనిషి చిక్కిపోయాడు.

పేరు పలకడం గురించి ఒక మాట. ఇటాలియన్‌లో మన ‘ట’ లేదు, మన ‘త’ ఉంది. కాబట్టి అక్కడివాళ్ల నోట ఇది ‘త్రియెస్తె’. వాళ్ల మాటలు కూడా మన మాటల్లాగే ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే ఇంగ్లిష్ మీదుగా కాకుండా నేరుగా తెలుగు నోటితో పలికితే ఇటాలియన్ సులువుగానే వస్తుంది. పిల్లలతో ఈ ప్రయోగం చేయించండి, సరదాగా ఉంటుంది. అయితే ఊరి చుట్టుపక్కల స్లొవేనియన్ మాట్లాడే పల్లెలున్నాయి. వాళ్లు ఇదే ఊరిని ‘త్ర్‌స్త్’ అంటారు. ఒక్క అచ్చు కూడా లేదు. పల్లెల దారిలో బోర్డుల మీద రెండు భాషలూ కనిపిస్తాయి.

ఎన్ని రోజులు? మూడు రాత్రులు. రెండైతే పరుగవుతుంది. వెళ్లడం కష్టం కాదు. వెనిస్ నుంచి రైలు రెండు గంటల ప్రయాణం. ప్రాంతీయ రైలు టికెట్ ఇరవై యూరోల లోపే ఉంటుంది, ముందు రోజు కొన్నా చివరి నిమిషంలో కొన్నా ధర మారదు. కాగితం టికెట్ అయితే ప్లాట్‌ఫాం దగ్గరున్న చిన్న యంత్రంలో ముద్ర వేయించుకుని ఎక్కాలి. ఫోన్లో కొన్న టికెట్‌కు చెక్-ఇన్ నొక్కాలి. ఈ పని మరిచిపోతే టికెట్ చేతిలో ఉన్నా జరిమానా పడొచ్చు. మనవాళ్లు ఎక్కువగా దెబ్బ తినేది ఇక్కడే. ట్రియెస్టేకి సొంత విమానాశ్రయం ఉంది, ఊరికి అరగంట దూరంలో రోంకీ అనే చోట. దాని పక్కనే రైల్వే స్టేషన్, మధ్యలో పైనుంచి నడిచే వంతెన. కానీ ఇండియా నుంచి వచ్చేవాళ్లకు గల్ఫ్ మీదుగా వెనిస్‌లో దిగడమే తేలిక.

ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు షెంగెన్ వీసా కావాలి. ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. పెద్దవాళ్లకు రుసుము 90 యూరోలు, ముప్పై వేల యూరోలకు తగ్గని వైద్య బీమా తప్పనిసరి. ప్రయాణంలో ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలన్నది మరిచిపోకండి. ట్రియెస్టే నుంచి స్లొవేనియా రాజధాని ల్యూబ్ల్యానాకు బస్సులో గంటన్నర దాకా పడుతుంది. అదే వీసా చాలు, అదీ షెంగెన్‌లోనే ఉంది. అయితే 2023 అక్టోబరు నుంచి ఇటలీ ఆ సరిహద్దులో మళ్లీ తనిఖీలు పెట్టింది. పాస్‌పోర్ట్ హోటల్ గదిలో వదిలేసి ‘పక్క ఊరే కదా’ అని బస్సెక్కకండి.

ఇప్పుడు గాలి. ట్రియెస్టే ప్రయాణంలో నెల ఎంచుకోవాలంటే బోరా అనే గాలి సంగతి తెలియాలి. ఊరి వెనకాల కార్స్ట్ అనే సున్నపురాయి పీఠభూమి ఉంది, మూడు నాలుగు వందల మీటర్ల ఎత్తు. చలికాలంలో దాని వెనకాల చల్లగాలి చేరుతుంది. చల్లగాలి బరువు. చెరువు నిండాక అలుగు మీంచి నీళ్లు దూకినట్టు ఆ గాలి పీఠభూమి అంచు దాటి, కింద వెచ్చగా ఉన్న సముద్రం మీదికి దూకుతుంది. మధ్యలో ఊరు. విసుర్లు గంటకు వంద కిలోమీటర్లు దాటడం అక్కడ వింత కాదు, ఎప్పుడైనా నూటయాభై కూడా దాటుతాయి. హుద్‌హుద్ చూసిన విశాఖవాళ్లకు ఈ అంకె ఏమిటో చెప్పక్కర్లేదు. కానీ తుపానుకు ముందు ఆకాశం నల్లబడుతుంది, వాన వస్తుంది, హెచ్చరిక ఉంటుంది. బోరా చాలాసార్లు నీలాకాశం కింద, ఎండ కాస్తుండగా వీస్తుంది. దాన్ని తెల్ల బోరా అంటారు. మబ్బు, వాన, మంచుతో వస్తే నల్ల బోరా. ఒకప్పుడు వాలు వీధుల్లో జనం పట్టుకుని నడవడానికి తాళ్లు కట్టేవాళ్లు. బోరా వీచిన మర్నాడు చెత్తబుట్టల నిండా విరిగిన గొడుగులే. గొడుగు తీసుకెళ్లకండి, టోపీ ఉన్న జాకెట్ చాలు. ఈ గాలికి ఊళ్లో ఒక చిన్న మ్యూజియం కూడా ఉంది. లోకంలోని రకరకాల గాలులను సీసాల్లో పట్టి వరసగా పెట్టారు. ముందుగా చెప్పి వెళ్లాలి. ఇలాంటి వెర్రి పని చేసే ఊరంటే నాకు గౌరవం.

పిల్లలతో వెళ్లేవాళ్లకు మే, జూన్, సెప్టెంబర్ నెలలు మంచివి. బోరాను చూడాలన్న సరదా ఉన్నవాళ్లు జనవరి, ఫిబ్రవరిల్లో వెళ్లొచ్చు, అది రావచ్చు రాకపోవచ్చు. ఆగస్టు 15 ఇటలీకి పెద్ద సెలవు, దాని చుట్టూ చాలా దుకాణాలు మూసేసి ఊరివాళ్లే ఎటో వెళ్లిపోతారు. అక్టోబరు రెండో ఆదివారం బార్కొలానా అనే తెరచాప పడవల పందెం, 1969 నుంచి జరుగుతోంది. 2018లో 2,689 పడవలు ఒకేసారి బయల్దేరి గిన్నిస్ రికార్డుకు ఎక్కాయి. చూడదగ్గదే, కానీ ఆ వారం గది దొరకడం గగనం. ఇంకొకటి: 2021లో పెద్ద క్రూయిజ్ ఓడలను వెనిస్ కాలువల్లోకి రానివ్వడం మానేశాక వాటిలో కొన్ని ఇటు మళ్లాయి. ఓడ వచ్చిన రోజు మధ్యాహ్నం చౌరస్తా నిండిపోతుంది, సాయంత్రానికి ఖాళీ. ఓడల రాకపోకల పట్టిక ముందే చూసుకుంటే ఆ రోజును కొండ మీదికి కేటాయించుకోవచ్చు.

గది ఎక్కడ? రైల్వే స్టేషన్‌కూ పెద్ద చౌరస్తాకూ మధ్యలో ఎక్కడైనా. పైన చెప్పిన ఉప్పు మడుల మీది పేట అదే. స్టేషన్ నుంచి సూట్‌కేసు లాక్కుంటూ నడిచిపోవచ్చు, నేల చదును. మొదటి సాయంత్రం టికెట్ ఉన్న ఏ చోటికీ వెళ్లకండి. కాలువ పక్కన నడవండి. పొంతె రొస్సో అనే చిన్న వంతెన మీద టోపీ పెట్టుకున్న ఒక కంచు మనిషి నడిచిపోతూ కనిపిస్తాడు. ఆయన రచయిత జేమ్స్ జాయిస్. ఐర్లండ్ వదిలేసి వచ్చి, ఇక్కడ ఇంగ్లిష్ ట్యూషన్లు చెప్పుకుంటూ, అప్పులు చేస్తూ, పదేళ్లకు పైగా ఉన్నాడు. ‘యులిసిస్’ నవల మొదలుపెట్టింది ఈ ఊళ్లోనే. అక్కడి నుంచి పది నిమిషాల్లో పియాత్సా ఉనితా చౌరస్తా వస్తుంది. మూడు వైపులా రాజభవనాల్లాంటి కట్టడాలు, నాలుగో వైపు గోడ లేదు, సముద్రమే. ఆ భవనాల్లో రాజులెవరూ ఉండలేదు. ఓడల కంపెనీ, ప్రభుత్వ కార్యాలయం, మునిసిపాలిటీ, అంతే. మధ్యలో 1750ల నాటి ఫౌంటెన్ మీద నాలుగే ఖండాల బొమ్మలుంటాయి, అప్పటికి వాళ్లకు తెలిసినవి అవే. 1938 సెప్టెంబరులో ముస్సోలినీ యూదులకు వ్యతిరేకంగా జాతి చట్టాలను ప్రకటించింది కూడా ఈ చౌరస్తాలోనే.

చౌరస్తా పక్కనుంచి సముద్రంలోకి 246 మీటర్ల రాతి కట్ట చొచ్చుకుపోతుంది. మోలో అవుదాచె అంటారు. రెయిలింగ్ లేదు, దుకాణం లేదు, టికెట్ లేదు. 1740లో అక్కడ మునిగిన ఒక ఓడ శిథిలం మీదే దాన్ని కట్టారు. సూర్యాస్తమయానికి ఊరి జనం కుక్కలతో, పిల్లలతో, సైకిళ్లతో ఆ కొసకు నడిచి వెనక్కి వస్తారు. మీరూ అదే చేయండి.

రెండో రోజు ఊళ్లో. పొద్దున ఏదో ఒక పాత కాఫీ హౌస్‌లో కూర్చోండి. 1830 నాటి తొమ్మాజెయో ఉంది, 1914లో తెరిచిన సాన్ మార్కో ఉంది. రెండోదాంట్లో లోపలే పుస్తకాల షాపు కూడా. కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే ఇంకో ధర అన్నది గుర్తుంచుకోండి. కూర్చుంటే మాత్రం మిమ్మల్ని ఎవరూ లేపరు, కప్పు ఖాళీ అయి గంటయినా. తర్వాత కొండ ఎక్కి సాన్ జూస్తో చర్చి, కోట చూడొచ్చు. దిగేటప్పుడు రోమన్ నాటకశాల శిథిలాలు రోడ్డు పక్కనే, బస్‌స్టాప్ అంత మామూలుగా ఉంటాయి. కాలువ దగ్గర నీలి గుమ్మటాల సెర్బియన్ చర్చి, సముద్రం వైపు గ్రీకు చర్చి, కాస్త లోపలికి 1912లో కట్టిన భారీ యూదుల ప్రార్థనాలయం. సుంకం లేని రేవుకి ఎవరెవరు వచ్చారో ఆ గుడుల లెక్కే చెబుతుంది.

ఊరి దక్షిణం వైపు సాన్ సబ్బాలో ఎర్ర ఇటుకల కట్టడం ఒకటుంది. పేరు రిజియేరా. ‘రిజో’ అంటే బియ్యం. రిజియేరా అంటే బియ్యం మిల్లు, వడ్లు దంచే చోటు. 1943 తర్వాత నాజీలు దాన్ని నిర్బంధ శిబిరం చేశారు. అందులో ఉంచింది రాజకీయ ఖైదీలను, పార్టిజాన్లనే గెరిల్లా పోరాటగాళ్లను, యూదులను, స్లొవేనియన్లను, క్రొయేషియన్లను. యూదులను చాలామందిని ఇక్కడి నుంచి ఆష్విట్జ్‌కు పంపారు. 1944లో ఇక్కడే శవదహన కొలిమి నడిపారు. ఇక్కడ హతమైనవాళ్ల సంఖ్య మూడు నుంచి ఐదు వేల దాకా ఉంటుందని అంచనా. 1945 ఏప్రిల్ చివర పారిపోతూ ఆ కొలిమిని పేల్చేశారు. ఇప్పుడది జాతీయ స్మారకం, ప్రవేశానికి డబ్బు తీసుకోరు. కొలిమి ఉన్నచోట నేల మీద ఉక్కు పలకలు మాత్రం ఉంటాయి. పదేళ్ల లోపు పిల్లలుంటే తల్లిదండ్రుల్లో ఒకరు వెళ్లి వచ్చి, తర్వాత ఇంకొకరు వెళ్లడం మంచిది.

గైడు పుస్తకాలు ఒక్క వాక్యంలో ముగించే చోటు ఒకటుంది. నా లెక్కలో ట్రియెస్టేకి వెళ్లడానికి అదొక్కటే చాలు. ఊరి మీది వాలులో సాన్ జొవాన్ని పార్కు. గులాబీ తోట ఉంది, వేల మొక్కలు, మే నెలలో కళ్లు తిరిగేంత పూత. ఆ తోటలో అక్కడక్కడా పసుపు రంగు పాత భవనాలుంటాయి. ఒకప్పుడు అది పిచ్చాసుపత్రి. 1971లో ఫ్రాంకో బజాలియా అనే సైకియాట్రిస్టు దానికి డైరెక్టరుగా వచ్చాడు. అప్పటికి లోపల పన్నెండు వందల మంది దాకా ఉండేవారు, చాలామంది ఏళ్ల తరబడి. ఆయన తలుపులు తెరవడం మొదలుపెట్టాడు. రోగులను కట్టేయడం ఆపించాడు. వాళ్ల చేత సహకార సంఘం పెట్టించి, అప్పటిదాకా ‘చికిత్స’ పేరుతో ఊరికే చేయించుకున్న ఊడ్చే పనికి జీతం ఇప్పించాడు. 1973లో రోగులూ కళాకారులూ కలిసి కర్ర, కాగితపు గుజ్జుతో నీలం రంగు గుర్రం బొమ్మ చేశారు. ఆసుపత్రిలో మాసిన బట్టల బండి లాగిన మార్కో అనే నిజం గుర్రం పేరే దానికి పెట్టారు. ఊరేగింపుగా బయటికి తీసుకుపోదామంటే అది గుమ్మంలో పట్టలేదు. గుమ్మం బద్దలుకొట్టి తీసుకెళ్లారు. 1978లో ఇటలీ పార్లమెంటు 180వ నంబరు చట్టం చేసి దేశమంతటా అలాంటి ఆసుపత్రులను మూసేసే దారి పట్టింది. జనం దాన్ని బజాలియా చట్టం అంటారు. మన దగ్గర పిచ్చాసుపత్రి ఉన్న ‘ఎర్రగడ్డ’ పేరును తిట్టుగా ఎలా వాడతామో తెలిసినవాళ్లు ఆ పార్కులో ఒక గంట కూర్చోవాలి. పక్కన కాలేజీ పిల్లలు పుస్తకాలు పట్టుకుని పోతుంటారు, కొన్ని భవనాల్లో ఇప్పుడు యూనివర్సిటీ తరగతులే నడుస్తున్నాయి.

మూడో రోజు మిరమారె. సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతి కొస మీద తెల్లటి కోట. సిటీ బస్సులో వెళ్లొచ్చు. తోటకు టికెట్ లేదు, కోట లోపలికి ఉంది. దీన్ని 1856లో మొదలుపెట్టినవాడు ఆస్ట్రియా చక్రవర్తి తమ్ముడు మాక్సిమిలియన్, నౌకాదళాధిపతి. పడకగదిని తన ఓడ ‘నొవారా’ కేబిన్‌లా, తక్కువ ఎత్తు చెక్క కప్పుతో చేయించుకున్నాడు. ఆ నొవారా 1857లో ట్రియెస్టే నుంచి బయల్దేరి ప్రపంచాన్ని చుట్టి వచ్చింది, దారిలో మద్రాసులోనూ ఆగింది. 1864లో మాక్సిమిలియన్ మెక్సికో చక్రవర్తి కిరీటానికి ఒప్పుకుని అదే ఓడలో వెళ్లాడు. మూడేళ్ల తర్వాత అక్కడ కాల్చి చంపారు. భార్య షార్లెట్‌కు మతి చలించింది. ఈ కోటలో పడుకున్నవాడు పరాయి గడ్డ మీద చస్తాడని ఊళ్లో ఒక మాట ఉంది. చెప్పేవాళ్లు నవ్వుతూనే చెబుతారు.

కోట తోటను ఆనుకుని ఒక సాదాసీదా భవనం ఉంది. ఫోటో తీయడానికి ఎవరూ ఆగరు. మన యూనివర్సిటీల్లో ఫిజిక్స్, మ్యాథ్స్ చెప్పే పెద్దవాళ్లలో ఎవరినైనా అడిగి చూడండి, ట్రియెస్టే అంటే వాళ్లకు గుర్తొచ్చేది ఆ భవనమే. పాకిస్తాన్ భౌతిక శాస్త్రవేత్త అబ్దుస్ సలాం 1964లో స్థాపించిన అంతర్జాతీయ సైద్ధాంతిక భౌతిక శాస్త్ర కేంద్రం అది. సలాంకు 1979లో నోబెల్ వచ్చింది. పేద దేశాల శాస్త్రవేత్తలు సొంత దేశం వదిలి వెళ్లిపోకుండానే, కొన్ని వారాలు వచ్చి, చదువుకుని, నలుగురితో మాట్లాడి తిరిగి వెళ్లడానికి ఒక చోటు ఉండాలన్నది ఆయన పట్టు. మన దగ్గర నుంచి కూడా ఎందరో ఇలా వచ్చి వెళ్లారు.

మిరమారె నుంచి ఊళ్లోకి తిరిగొచ్చే దారి బార్కొలా. వేసవిలో ఇక్కడ ఇసుక కోసం వెతక్కండి, లేదు. రోడ్డు పక్క సిమెంటు ఫుట్‌పాత్ మీదే తువ్వాలు పరుచుకుని పడుకుంటారు, అక్కడి నుంచే నీళ్లలోకి దూకుతారు. ఊరి మధ్యలో ఇంకో స్నానాల రేవుంది. ‘ఎల్ పెదొచిన్’ అని పిలుస్తారు. మధ్యలో తెల్ల గోడ, ఒకవైపు ఆడవాళ్లు, ఇంకోవైపు మగవాళ్లు. ఆస్ట్రియా కాలం నాటి ఏర్పాటు, ఇప్పటికీ అలాగే ఉంది. గోడ తీసేస్తామంటే ముందు ఒప్పుకోనిది ఆడవాళ్లేనట. సముద్ర స్నానం చేయాలని ఉన్నా పదిమందిలో మొహమాటపడే మన అమ్మలకూ అత్తలకూ ఇంతకంటే మంచి చోటు యూరప్‌లో నాకు తెలియదు.

కార్స్ట్ పీఠభూమి మీదికి సగం రోజు పెట్టుకోండి. 1902 నుంచి ఊళ్లోంచి ఒపిచినా అనే పల్లెకు ఒక ట్రామ్ ఉంది, వాలు ఎక్కువైన చోట కేబుల్ బండి దాన్ని వెనకనుంచి తోస్తుంది. 2016లో ప్రమాదం జరిగాక ఏళ్ల తరబడి ఆగిపోయింది, కాబట్టి నడుస్తోందో లేదో ఆ రోజే కనుక్కుని, లేకపోతే బస్సు పట్టుకోండి. పైన గ్రొత్తా జిగాంతె అనే గుహ ఉంది. లోపలి గది ఎత్తు వంద మీటర్ల దాకా. మన బొర్రా గుహలు చూసినవాళ్లకు సున్నపురాయి స్తంభాలు కొత్త కాదు కానీ ఈ ఎత్తు కొత్త. దిగడానికి ఐదు వందల మెట్లు, ఎక్కడానికీ అన్నే, లోపల ఏడాది పొడవునా పదకొండు డిగ్రీల చలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు గుహ వదిలేసి ఒస్మిత్సాకు వెళ్లండి. అది పల్లె రైతు ఇల్లు. 1784లో చక్రవర్తి రెండో జోసెఫ్, రైతులు తమ పంటను, ద్రాక్ష సారాను ఏడాదిలో ఎనిమిది రోజులు ఇంటి దగ్గరే అమ్ముకోవచ్చని ఉత్తర్వు ఇచ్చాడు. స్లొవేనియన్‌లో ‘ఓసెమ్’ అంటే ఎనిమిది, పేరు అలా వచ్చింది. ఇప్పుడు రోజులు పెరిగాయి గానీ పద్ధతి అదే. రోడ్డు మలుపులో ఎర్ర బాణం గుర్తు, దాని మీద ఆకుల కొమ్మ వేలాడుతుంటే ఇల్లు తెరిచినట్టు. పెరట్లో బల్లలు, ఇంటి వైను, ఇంటి చీజ్, ఉడికించిన గుడ్లు, పంది మాంసం. మన తాటితోపులో కల్లుకు కూర్చున్నట్టే ఉంటుంది, ఎదురుగా సముద్రం ఒక్కటే తేడా. ఏ రోజు ఏ ఇల్లు తెరిచి ఉందో చెప్పే వెబ్‌సైట్లున్నాయి. తాగనివాళ్లకు ద్రాక్ష రసం అడిగితే దొరుకుతుంది చాలాచోట్ల.

తిండి విషయం శాకాహారులకు కాస్త చిక్కే. ఇక్కడ ‘బుఫే’ అని రాసి ఉంటే మన పెళ్లి బఫే కాదు, పెద్ద గుండిగలో ఉడికే పంది మాంసం దుకాణం. మాంసాహారులు తప్పకుండా వెళ్లండి. మీద తురిమి వేసే తెల్లటి వేరును ‘క్రెన్’ అంటారు, ఆవాల జాతి మొక్క. కొత్త ఆవకాయలో ఆవఘాటు ముక్కుకెక్కినట్టు ఎక్కుతుంది. ‘యోతా’ అనే పులిసిన క్యాబేజీ, బీన్స్ సూపు చూడ్డానికి శాకాహారంలానే ఉంటుంది, అడుగున పంది ముక్క ఉంటుంది. ‘సెంత్సా కార్నె, సెంత్సా పేషె’ అనండి, మాంసం వద్దు, చేప వద్దు అని. గట్టి నియమం ఉన్నవాళ్లు పార్మిజానో చీజ్ కూడా వద్దనాలి, పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసిన రెనెట్ వాడతారు. తినదగ్గ వింత ఒకటుంది: ఆలుగడ్డ పిండి ముద్దలో నిండు రేగుపండంత ప్లమ్ పెట్టి ఉడికించి, వెన్నలో వేయించిన బ్రెడ్ పొడి, చక్కెర, దాల్చినచెక్క పైన చల్లుతారు. మన పూర్ణం బూరెకు దూరపు చుట్టంలా ఉంటుంది. విచిత్రమేమిటంటే దాన్ని తీపి కింద కాకుండా భోజనం మొదట్లో తింటారు. పిండిలో గుడ్డు ఉండొచ్చు, అడిగి తినండి. అన్నం లేకపోతే గడవనివాళ్లకు ఊరట: రైల్లో అరగంట దూరంలోని మొన్‌ఫల్కోనెలో ఓడలు కట్టే పనికి వచ్చిన బంగ్లాదేశీలు వేలల్లో ఉన్నారు. బియ్యం, పప్పు, పచ్చిమిరపకాయలు అక్కడ దొరుకుతాయి.

రెస్టారెంట్లలో వంటిల్లు మధ్యాహ్నం రెండున్నరకు మూస్తారు, మళ్లీ ఏడు, ఏడున్నర దాకా తెరవరు. నాలుగింటికి ఆకలేస్తే రొట్టెల దుకాణమే దిక్కు. మ్యూజియాలకు ఏ వారం సెలవో ముందే చూసుకోండి. బిల్లులో ‘కొపెర్తో’ అని మనిషికి ఒకటి రెండు యూరోలు కనిపిస్తే అది బల్ల ఖర్చు, మోసం కాదు. హోటల్ వాళ్లు రాత్రికింత అని నగర పన్ను విడిగా అడుగుతారు, అదీ మామూలే.

తిరుగు ప్రయాణంలో రైల్లో ఎడమ చేతి వైపు కిటికీ సీటు పట్టుకోండి. స్టేషన్ దాటిన కాసేపటికి పట్టాలు కొండ అంచు మీదికి ఎక్కుతాయి. కింద బార్కొలా సిమెంటు కట్ట, దాని చివర తెల్లటి కోట, ఆ తర్వాత సముద్రం తప్ప ఏమీ ఉండదు, పది పదిహేను నిమిషాల పాటు. మొన్‌ఫల్కోనె దగ్గర క్రేన్లు కనిపించేసరికి నీళ్లు వెనకబడిపోతాయి. టికెట్‌కు చెక్-ఇన్ నొక్కారో లేదో చూసుకోవడానికి అప్పటికి ఆలస్యమైపోతుంది, ఆ పని స్టేషన్లోనే చేసేయండి.